హాప్స్‌లో జిగురు పెంచాలంటే ముందు మగ మొక్కను తేల్చుకోవాలి

బీరుకి చేదునిచ్చే హాప్స్ తీగ గంజాయికి దగ్గరి చుట్టం. రెండూ కన్నాబేసీ కుటుంబంలోవే, రెండిటికీ క్రోమోజోములు 20, ఆడ మొక్క వేరుగా మగ మొక్క వేరుగా ఉంటాయి. ఆడ పూల మీద ఉండే సన్నటి గ్రంథుల్లో ఊరే జిగురే రెండిటి విలువా. గంజాయిలో ఆ జిగురు కోసం రకాలు కట్టే పనికి మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) అడ్డొస్తుంది కాబట్టి దాని జోలికి పోను. హాప్స్‌లో మాత్రం ఇదే పని వందేళ్లుగా బాహాటంగా, వంశవృక్షాలు రాసిపెట్టుకుని మరీ జరిగింది. ప్లాంట్ బ్రీడింగ్ చదివే మన పిల్లలకు క్లాసులో వరి, పత్తి, మిర్చి గురించి చెబుతారు గానీ దీని ఊసెత్తరు.

ముందు సరుకు సంగతి. హాప్స్ ఆడ పూలు గుత్తిగా ముదిరి ఆకుపచ్చని కోన్లవుతాయి. ఒక కోన్ చీల్చి చూస్తే రేకుల మొదట్లో పసుప్పచ్చని పొడి కనిపిస్తుంది. అదే లుపులిన్. వేళ్ల మధ్య నలిపితే అంటుకుపోతుంది. అందులో హెక్సేన్ అనే ద్రావకంలో కరిగే మెత్తటి రెజిన్లు (జిగురు పదార్థాలు), కరగని గట్టి రెజిన్లు, సువాసన నూనెలు కలిసి ఉంటాయి. మెత్తటి రెజిన్లలో ముఖ్యమైనవి ఆల్ఫా ఆమ్లాలు, బీటా ఆమ్లాలు. కాచేటప్పుడు ఆల్ఫా ఆమ్లాలు ఐసో ఆల్ఫాగా మారి బీరుకి చేదు వస్తుంది. ఆల్ఫాలో మళ్లీ మూడు: హ్యుములోన్, కోహ్యుములోన్, అడ్‌హ్యుములోన్. లూసిన్ నుంచి మొదటిది, వాలిన్ నుంచి రెండోది, ఐసోలూసిన్ నుంచి మూడోది తయారవుతాయి. వీటి పాళ్లు ఎక్కువగా జన్యువులు నిర్ణయించేవే. మొత్తం ఎంత వస్తుందన్నది మాత్రం జన్యువులతో పాటు ఆ ఏటి ఎండ, నీరు, కోత రోజు కూడా కలిసి తేలుస్తాయి. అందుకే పాళ్లకు ఒక ఏడాది కొలత చాలు. మొత్తానికి మూడేళ్లయినా కొలవాలి.

ఇక అసలు చిక్కు. జిగురు ఆడ మొక్కలో కనిపిస్తుంది. మగ మొక్కకు కోన్లు రావు, దాని పుప్పొడి తిత్తుల గాడిలో నాలుగు గ్రంథులుంటే ఉంటాయి, అంతే. వాటిని గీకి పరీక్షిస్తే కోహ్యుములోన్ పాలు ఎంతో కొంత అందాజా దొరుకుతుంది గానీ, ఈ మొక్క కూతుళ్లకు ఎంత జిగురు వస్తుందో తెలియదు. గింజలో సగం జన్యువులు తండ్రివే. ఆ సగాన్ని కంటితో గానీ ల్యాబులో గానీ నేరుగా కొలిచే దారి లేదు. హాప్స్‌లో జిగురు పెంచిన చరిత్ర మొత్తం ఈ కనిపించని సగాన్ని ఎలా పట్టుకున్నారన్నదే.

ఇంగ్లండ్‌లోని కెంట్ జిల్లాలో వై కాలేజీ ఉండేది. 1916లో అక్కడికి కెనడాలోని మానిటోబా రాష్ట్రం మార్డెన్ నుంచి ఒక అడవి ఆడ హాప్స్ కొమ్మ వచ్చింది. ఇ. ఎస్. శాల్మన్ అనే శాస్త్రవేత్త దానికి బీబీ1 అని పేరు పెట్టి నాటాడు. ఇంగ్లండ్ చలికాలంలో ఆ మొక్క త్వరలోనే చచ్చిపోయింది. అయితే చచ్చేలోగా తోటలోని ఏదో మగ మొక్క పుప్పొడి గాలికి వచ్చి పడి గింజలు కట్టింది. ఆ గింజల్లోంచి వచ్చిందే బ్రూవర్స్ గోల్డ్, విడుదలైంది 1934లో. దాని సోదరి బులియన్ 1938లో వచ్చింది. అప్పటి ఫగుల్ లాంటి ఇంగ్లీషు రకాల్లో ఆల్ఫా 4–5 శాతం దగ్గరుంటే ఇవి దాదాపు రెట్టింపు ఇచ్చాయి. వాసన మాత్రం బ్రూవర్లకు నచ్చలేదు, మరీ ఘాటన్నారు.

నా దృష్టిలో బ్రూవర్స్ గోల్డ్ కంటే పెద్ద పాఠం తర్వాతి అడుగులో ఉంది. శాల్మన్ దగ్గర బ్రూవర్స్ గోల్డ్‌కి పుట్టిన ఒక మగ మొక్క ఉండేది, ఓబీ21. దాని పుప్పొడిని క్యాంటర్‌బరీ గోల్డింగ్ అనే పాత సువాసన రకం మీద వేస్తే నార్తర్న్ బ్రూవర్ వచ్చింది. అంటే నాయనమ్మ జిగురు, ఒక్క కోన్ కూడా కాయని తండ్రి గుండా మనవరాలికి చేరింది. అమెరికాలో బ్రూవర్స్ గోల్డ్ గింజల నుంచే గలీనా (1978) తీశారు. ఆ గలీనాను జర్మనీలోని హ్యూల్ పరిశోధన కేంద్రంలో ఒక జర్మన్ మగ మొక్కతో కలిపి మాగ్నమ్ తీశారు. మాగ్నమ్ ఆల్ఫా 12–14 శాతం. ఇవాళ చేదు కోసం పండించే రకాల్లో చాలావాటి వంశం వెనక్కి తవ్వుకుంటూ పోతే చలికాలంలో చచ్చిన ఆ మానిటోబా తీగ దగ్గరే తేలుతుంది.

కాబట్టి పని మొదలుపెట్టేవాడు ఆడ మొక్కల కేటలాగు ముందేసుకుని కూర్చుంటే లాభం లేదు. మగ మొక్కల పట్టిక కావాలి. ఒక్కో మగదాని తల్లి ఎవరు, అక్కచెల్లెళ్ల ఆల్ఫా ఎంత, బూడిద తెగులు తట్టుకున్నారా అన్నది అందులో ఉండాలి. పరీక్ష ఇలా చేస్తారు: ఒకే మగ మొక్క పుప్పొడిని మూడు నాలుగు వేర్వేరు ఆడ రకాల మీద వేయాలి, ఒక్కో జంట నుంచి కనీసం పాతిక ముప్పై కూతుళ్లను పెంచి సగటు ఆల్ఫా చూడాలి. అవే తల్లుల మీద వేరే మగ మొక్కలు ఇచ్చిన సగటుతో పోల్చాలి. ఒక్క తల్లి మీద బాగా వచ్చినంత మాత్రాన తండ్రి గొప్పవాడని రాసుకోకూడదు, ఆ జంట కుదిరి ఉండొచ్చు. అందరు తల్లుల మీదా సగటు పైకి లేపినవాడే పనికొచ్చే తండ్రి. ఈ లెక్క తేలేసరికి నాలుగైదేళ్లు పడుతుంది. ఈలోగా తోటలో చోటు చాలడం లేదని మగ మొక్కను పీకేసేవాళ్లున్నారు. ఫలితం వచ్చేనాటికి తండ్రి ఉండడు. ప్రతి మగదానికీ రెండు అంట్లు కుండీలో ఉంచుకోవాలి. ఈ మధ్య డీఎన్‌ఏ మార్కర్లతో (జన్యువుల్లోని గుర్తులతో) తండ్రి విలువను ముందే అంచనా వేస్తున్నారు గానీ, ఆ అంచనా నేర్పడానికి కూడా మళ్లీ కొలిచిన కూతుళ్లే కావాలి.

సంకరం చేసే పద్ధతి చెప్పడం తేలిక, చెడగొట్టుకోవడం ఇంకా తేలిక. ఉత్తర దేశాల్లో జూన్ చివరి నుంచి జూలైలో పూత. ఆడ పూల గుత్తిలోంచి తెల్లటి కీలాగ్రాలు బయటికి రాకముందే ఆ కొమ్మకు సంచి కట్టాలి. ఒక్కటి తెల్లగా తొంగిచూసినా ఆ కొమ్మ వదిలేయడమే మంచిది. సంచి పార్చ్‌మెంట్ కాగితంది గానీ, పుప్పొడి దూరనంత బిగువైన నేతది గానీ కావాలి. దోమతెర గుడ్డ కట్టి సంకరం చేశామనుకునేవాళ్లకు గాలి చేసిన సంకరమే దక్కుతుంది, ఎందుకంటే పుప్పొడి రేణువు మిల్లీమీటరులో నలభయ్యో వంతు కూడా ఉండదు. సంచి మూతి కట్టేచోట కాడ చుట్టూ దూది చుట్టి దాని మీద తాడు బిగించాలి. లేకపోతే ఆ సందులోంచి పుప్పొడి లోపలికి పోతుంది, గాలికి సంచి ఊగి కాడా గీసుకుపోతుంది. ఎండ నేరుగా తగిలే కొమ్మ ఎంచుకుంటే సంచిలో ఉడికి పూత మాడుతుంది. తీగకు ఉత్తరం వైపు, నడుం ఎత్తు నుంచి తల ఎత్తు మధ్య కొమ్మలు మేలు.

మగ గుత్తికి కూడా, మొదటి పూలు విచ్చే ముందే సంచి కట్టాలి. పొద్దున మంచు ఆరాక సంచిని తట్టితే పసుపు పొడి అడుగున చేరుతుంది. దాన్ని సన్న జల్లెడ పట్టి పేనుబంక, పూరేకులు తీసేసి, సిలికా జెల్ వేసిన డబ్బాలో ఒక రోజు ఆరబెట్టాలి. వారం లోపు వాడేదైతే ఫ్రిజ్ చాలు, వచ్చే ఏటికి దాచాలంటే బాగా ఆరాక మైనస్ 20 డిగ్రీలు. తడి ఉన్న పుప్పొడిని గడ్డకట్టిస్తే చస్తుంది. ఫ్రీజర్లోంచి తీసిన సీసాను గది వేడికి వచ్చేదాకా మూత తీయకూడదు. తీస్తే గాలిలో చెమ్మ లోపల పట్టి పొడి ముద్దవుతుంది.

ఆడ గుత్తిలో కీలాగ్రాలు తెల్లగా, ఈకల్లా విచ్చుకున్న రోజే వేయాలి. సంచికి చిన్న చిల్లు పెట్టి, చివర రబ్బరు బంతి ఉన్న గొట్టంతో పొడి ఊది, చిల్లు మీద టేపు అంటించాలి. రెండు మూడు రోజుల తర్వాత మళ్లీ ఒకసారి. ఒకే రోజు రెండు మగ మొక్కల పుప్పొడి చేతిలో పట్టుకుని తోటలోకి వెళ్లొద్దు. చొక్కా మీద పడ్డది చాలు లెక్క తారుమారు కావడానికి. కీలాగ్రాలు గోధుమరంగుకి తిరిగి ముడుచుకున్నాక కాగితం సంచి తీసి గాలాడే వల సంచి కట్టాలి. లేకపోతే కోన్లు బూజు పడతాయి. ముదిరిన కోన్లు కోసి, ఆరబెట్టి, నలిపితే గింజలు దొరుకుతాయి. కొన్ని కోన్లలో రెండు మూడే, కొన్నిట్లో ఇరవై దాకా.

గింజలు వెంటనే మొలవవు. తడి వర్మిక్యులైట్‌లో కలిపి 4–5 డిగ్రీల దగ్గర ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచి, తర్వాత 20 డిగ్రీల వెచ్చదనంలోకి తేవాలి. మొలకలు ఒక్కసారిగా రావు, నెల దాకా ఒకటొకటే వస్తాయి. ఆలస్యంగా లేచినవాటిని పారేయొద్దు, మొలక వేగానికీ జిగురుకీ సంబంధం లేదు. నాలుగైదు జతల ఆకులొచ్చాక బూడిద తెగులు సోకిన ఆకులను మొలకల మీద దులిపి, పది పన్నెండు రోజుల్లో తెల్ల మచ్చలొచ్చినవి ఏరేస్తారు. బూజు తెగులుకి బీజాలను నీళ్లలో కలిపి కొట్టి, ఒక రోజు ఆకులు తడిగా, చీకట్లో ఉంచుతారు. ఇక్కడ నాదొక అభిప్రాయం: బూడిద తెగులును ఒకే జన్యువుతో ఆపే మొక్కలు గ్లాస్‌హౌస్ పరీక్షలో మచ్చ లేకుండా మెరుస్తాయి, తెగులు కొత్త తెగ వచ్చిన ఏడు మొత్తం పడిపోతాయి. కొద్దిగా మచ్చలొచ్చి అక్కడితో ఆగిన మొలకలను కూడా ఉంచుకోవడం తెలివైన పని. మొదటి వడపోతలోనే కఠినంగా ఉంటే మంచి జిగురు జన్యువులన్నీ చెత్తబుట్టకే పోతాయి.

ఆడా మగా తేల్చడానికి వై క్రోమోజోము మీది డీఎన్‌ఏ మార్కర్ ఉంటే ఆకు ముక్క చాలు. లేకపోతే పూత దాకా ఆగాలి, చాలావాటికి రెండో ఏడు. ఆడవి సగం కంటే ఎక్కువే వస్తాయి. తోటలో పందిరి 5.5 నుంచి 7 మీటర్ల ఎత్తు, గుంజల మీద ఇనుప తీగలు, వాటి నుంచి వేలాడే కొబ్బరి పీచు తాళ్లు. పీచు తాడే ఎందుకంటే గరుకుగా ఉండి తీగ జారదు, కోతప్పుడు మొక్కతో పాటు యంత్రంలోకి పోయినా కుళ్లిపోతుంది. మొదటి ఏడు వచ్చిన కోన్లను కొలిచి మొక్కను కొట్టేయడం తొందరపాటు. వేరు నిలదొక్కుకోని మొక్క ఆల్ఫా అంకె దేనికీ సాక్ష్యం కాదు.

కొలతలో ఎక్కువ తప్పులు కోత రోజు దగ్గరే జరుగుతాయి. వంద మొక్కలనూ ఒకే రోజు కోసి పోలిస్తే త్వరగా ముదిరేవే గెలుస్తాయి. ఒక్కో మొక్కకూ పొడి పదార్థం చూడాలి: 100 గ్రాముల పచ్చి కోన్లు పూర్తిగా ఆరబెడితే 22–24 గ్రాములు మిగిలే రోజు దాని కోత రోజు. తర్వాత 60 డిగ్రీలు దాటకుండా, తేమ 8–10 శాతానికి వచ్చేదాకా ఆరబెట్టాలి. నివేదికలో ఆల్ఫా అంకె పక్కన అది పొడి బరువు మీదా, ఉన్న తేమతోనా అని రాయకపోతే ఆ అంకెను నమ్మొద్దు.

హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) ఉంటే మంచిదే, మూడు ఆల్ఫాలూ విడివిడిగా తెలుస్తాయి. వందల మొక్కలను వడకట్టడానికి ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుందో కొలిచే మామూలు యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ సరిపోతుంది. 5 గ్రాముల పొడి చేసిన హాప్స్‌ను 100 మి.లీ. టోలీన్ అనే ద్రావకంలో అరగంట కుదిపి తేర్చాలి. పైతేట 5 మి.లీ. తీసి మిథనాల్‌తో 100 చేయాలి. అందులోంచి 3 మి.లీ. తీసి, క్షారం కలిపిన మిథనాల్‌తో 50 చేసి వెంటనే 275, 325, 355 నానోమీటర్ల దగ్గర చదవాలి. ఆల్ఫా శాతం రావాలంటే 325 రీడింగును 73.79తో గుణించి, అందులోంచి 355 రీడింగు 51.56 రెట్లు, 275 రీడింగు 19.07 రెట్లు తీసేసి, మిగిలినదాన్ని పలచన గుణకంతో గుణించాలి. పై కొలతలకు ఆ గుణకం 0.667. ఉదాహరణకు 325 దగ్గర 0.60, 355 దగ్గర 0.60, 275 దగ్గర 0.15 వస్తే ఆల్ఫా 7.0 శాతం. బీటాకి 355 రీడింగు 55.57 రెట్లలోంచి 325ది 47.59 రెట్లు తీసేసి, 275ది 5.10 రెట్లు కలపాలి. అదే గుణకంతో 3.7 శాతం వస్తుంది. టోలీన్ పనంతా ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ కిందే. పలచన చేశాక వెలుతురులో పెట్టి టీకి వెళ్లొస్తే ఆ నమూనా మళ్లీ చేసుకోవాల్సిందే.

అవే రీడింగుల నుంచి ఇంకో గుణం ఉచితంగా దొరుకుతుంది. 275ను 325తో భాగిస్తే నిల్వ సూచిక. పై ఉదాహరణలో 0.25, అంటే తాజా సరుకు. పాడయ్యేకొద్దీ ఇది పెరుగుతుంది. సూచికను 0.25తో భాగించి, దాని లాగరిథమ్‌ను (పది ఆధారంగా) 110తో గుణిస్తే పోయిన రెజిన్ శాతం వస్తుంది. 0.40 ఉంటే 22 శాతం పైగా పోయినట్టే. నిల్వ గుణం కూడా వంశంలో వచ్చేదే, దీన్ని చాలామంది ఎంపికలో చివరికి నెట్టేస్తారు. 1972లో విడుదలైన కాస్కేడ్ వాసనకు పేరు మోసింది గానీ, 20 డిగ్రీల దగ్గర ఆరు నెలలుంటే ఆల్ఫాలో సగం దాకా పోగొట్టుకుంటుంది. మాగ్నమ్ అయితే అదే పరిస్థితిలో 80 శాతానికి పైగా నిలుపుకుంటుంది. ఎంపిక చేసిన ప్రతి మొక్క నమూనా కొంచెం గది వేడిలో ఆరు నెలలు ఉంచి మళ్లీ చదవడానికి ఖర్చేమీ లేదు.

ఆల్ఫా శాతమే చూసి పొంగిపోవద్దని మాత్రం గట్టిగా చెప్పాలి. 16 శాతం ఉండి హెక్టారుకు 1,500 కిలోల ఎండు కోన్లిచ్చే మొక్క 240 కిలోల ఆల్ఫా ఇస్తుంది. 11 శాతంతో 2,400 కిలోలిచ్చేది 264 కిలోలు. రైతుకి డబ్బు ఈ రెండో లెక్కలోనే వస్తుంది. జిగురు ఎక్కువున్న మొక్కల్లో కొన్నిటికి కోన్లు తక్కువ, ఇంకొన్నిటికి కోన్లు వదులుగా ఉండి యంత్రంలో పడగానే విడిపోతాయి. లుపులిన్ అంతా బెల్టు మీదే రాలిపోతుంది.

గింజ పడటం ఇంకో తలనొప్పి. గింజ బరువు కోన్‌లో కలుస్తుంది, అందులో ఆల్ఫా ఉండదు కాబట్టి శాతం పడిపోతుంది. అందుకే జర్మనీలోని హల్లెర్టౌ ప్రాంతంలో మగ మొక్క కనిపిస్తే పీకేస్తారు. దీనికి జన్యువుల దారి కూడా ఉంది: ఆడ మొక్క క్రోమోజోములను కాల్చిసిన్ అనే రసాయనంతో 40 చేసి, 20 ఉన్న మగ మొక్కతో కలిపితే 30 ఉన్న కూతుళ్లు వస్తాయి. చుట్టూ పుప్పొడి ఉన్నా వాటికి గింజ దాదాపు కట్టదు. ఒరెగాన్‌లో ఆల్ఫ్రెడ్ హౌనాల్డ్ ఫగుల్‌తో ఈ పని చేసి 1976లో విలామెట్ ఇచ్చాడు. చిక్కల్లా ఆ కూతురితో వంశం ముందుకు సాగదు.

మన తెలుగు నేల మీద ఈ తీగ పెంచుదామనుకునేవాళ్లకు ఒక్క మాట. హైదరాబాద్‌లో అతి పొడుగు పగలు 13 గంటల పైచిలుకు. హాప్స్‌కి ఎదిగే రోజుల్లో 15–16 గంటల పగలు అలవాటు. తక్కువైతే మీటరో రెండో పాకి, ముందే పూతకొచ్చి ఆగిపోతుంది. దానికి తోడు చలికాలపు నిద్ర కావాలి. మన దేశంలో హిమాచల్‌లోని లాహుల్ లోయలో దీన్ని పండించారంటే అక్కడి ఎత్తూ చలీ కుదిరాయి కాబట్టే. దీపాలు పెట్టి గ్లాస్‌హౌస్‌లో పరిశోధనకైతే ఎక్కడైనా పెంచొచ్చు.

అన్నీ సరిగ్గా చేసినా ఎంపికను తలకిందులు చేసే కనపడని శత్రువు ఒకటుంది, హాప్ లేటెంట్ వైరాయిడ్ (వైరస్ కంటే చిన్నదైన తెగులు కారకం). ఆకు మీద ఏ గుర్తూ ఉండదు, జిగురు మాత్రం తగ్గుతుంది. ఇదే వైరాయిడ్ గంజాయి తోటల్లోకి చేరి అక్కడా జిగురు పడగొడుతోందని 2019లో కాలిఫోర్నియాలో తేలింది. సోకిన మొక్కను సోకని మొక్కతో పోలిస్తే మీరు ఎంచుకునేది జన్యువును కాదు, ఆరోగ్యాన్ని. కాబట్టి చివరి పోటీకి నిలిచిన మొక్కలన్నిటికీ దాన్ని పట్టే ల్యాబు పరీక్ష, ఆర్‌టీ-పీసీఆర్ చేయించాలి. సోకినది మరీ విలువైనదైతే చిగురు కొన కణజాలం నుంచి శుభ్రమైన మొక్క తీసి మళ్లీ మూడేళ్లు కొలవాలి. కత్తెర స్పిరిట్‌తో తుడిస్తే ఇది చావదు. ఒకటికి తొమ్మిది పాళ్ల నీళ్లు కలిపిన బ్లీచ్‌లో నిమిషం ముంచి, మొక్క మొక్కకీ కత్తెర మార్చాలి. బ్లీచ్ ద్రావణం పొద్దున్నే కొత్తది కలుపుకోవాలి, నిన్నటిది పనిచేయదు.